ఇంకోటుంది సారు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీర మార్చుకోకముందే ఆళ్లగడ్డ నుంచి బ్రహ్మయ్య ఫోన్ చేశాడు. బ్రహ్మయ్య అక్కడ రాతి విగ్రహాలు చెక్కుతాడు. మా నాయన కట్టిన ఇంటిని కొనుక్కున్నది అతనే.

“అక్కా, ఇంకోటుంది సారు పోయినాడంట. తెల్లారుజామున నిద్దర్లోనే. సాయంత్రం ఎత్తుతారంట. మీకు తెల్సునా?” అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు ముందు నవ్వొచ్చింది. పరలోకం వాకిట్లో ఆ బక్క మనిషి చేతిసంచి పట్టుకుని నిలబడి, “పేర్లు రాసిన పుస్తకం ఉండాదన్నారే, సరే. దీనికి ముందరి పుస్తకం యాడ?” అని దేవదూతల్ని అడుగుతున్నట్టు కళ్లకు కట్టింది. నవ్వు అయిపోయాకే బాధ తెలిసింది. 

సారు నంద్యాలలో వకీలు. కోర్టుకు పోయి వాదించడం ఎప్పుడో మానేశారు. ఇంటి లోనుకు బ్యాంకుకు పోయినవాళ్ల కాగితాలు ఆయన దగ్గరికి వచ్చేవి. అమ్మేవాళ్లకు అమ్మే హక్కుందని ఆయన రాసిస్తే తప్ప బ్యాంకు కదలదు. వాకిట్లో బోర్డు మీద ఆయన అసలు పేరుంది కానీ, ఇళ్లమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఎవరూ ఆ పేరు వాడగా నేను వినలేదు. మనం తీసుకుపోయిన కాగితాలన్నీ చూసి, దారం చుట్టి, పక్కన పెట్టేవారు. హమ్మయ్య అనుకుని మనం లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టేటప్పుడు వెనకనుంచి మెత్తగా వినపడేది, “ఇంకోటుందమ్మా.”

రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజులు రాసేవాళ్లు ఆయన మీద కథలు చెప్పుకునేవారు. ఆయన పెండ్లిలో మూడు ముళ్లూ పడినాక పురోహితుడు లేవబోతే, “ఇంకోటుంది, పెండ్లికూతురు ఒప్పుకున్నట్టు యాడుంది?” అన్నాడట. అబద్ధమే అయ్యుంటుంది. కానీ విన్నవాళ్లెవరూ అబద్ధమని అనలేదు.

నేను ఆయన దగ్గరికి పోవాల్సి వచ్చిన కారణం చెప్పాలి. మా ఆయన విత్తనాల కంపెనీ గోడౌన్‌లో పనిచేసేవాడు. ఒకరోజు మూటల లెక్క రాస్తూ రాస్తూ కూలబడ్డాడు. పక్షవాతం. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దయింది. మేమప్పుడు ఒక మేడ మీది వాటాలో అద్దెకుండేవాళ్లం. ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టిన మనిషి, కర్ర పట్టుకుని గదిలో నాలుగడుగులు వేయడమే గానీ మళ్లీ ఆ మెట్లు దిగలేదు. మిడుతూరులో ఆయన అక్క చనిపోయింది. తల్లి లేని పిల్లాణ్ని ఎత్తుకు పెంచిన అక్క. కింది వాటావాళ్లు మోసుకుని దించుతామన్నారు. “పీనిగను చూసేదానికి ఇంకో పీనిగను మోసకపోతారా?” అని ముద్దమాటల్లోనే అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్కను కడసారి చూడలేదు. ఆ రోజునుంచి నాకు ఒకటే పట్టు, ఈ మనిషిని నేల మీదికి దించాలి.

నంద్యాలలోనే కింద వాటా, ముందు కాస్త వాకిలి ఉన్న చిన్న ఇల్లొకటి దొరికింది. యజమాని మంచివాడు, ఉగాది దాకా ఆగుతానన్నాడు. ఆళ్లగడ్డలో మా నాయన ఇల్లు అమ్మితేనే అది కొనగలం. పక్క స్థలంలో రాళ్లు చెక్కుకునే బ్రహ్మయ్య ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. విగ్రహాలు పెట్టుకోవడానికి అతనికి రోడ్డు వైపు జాగా కావాలి. కొనడానికి బ్యాంకులో లోను పెట్టుకున్నాడు. నేను అమ్మితే చాలు, అతను కొంటే చాలు. మా ఇద్దరి మధ్యలో సారు కూర్చున్నారు.

ఆయన ఆఫీసంటే ఇంటి ముందుగదే. వీధిలోంచి వరండాకు ఎత్తైన మెట్లు. అవి ఎక్కినప్పుడల్లా నాకు మేడ మీది మంచం గుర్తొచ్చి కోపం వచ్చేది. లోపల సారు బల్ల దగ్గర నుదుటిమీద సన్నగా ఒంటి నామం పెట్టుకుని కూర్చునుండేవారు. వాళ్లది అహోబిలంలో దేవుడి కైంకర్యం చేసుకునే కుటుంబమట. పిన్నులంటే ఆయనకు పడదు. మనం జిరాక్సు అంగట్లో కొట్టించుకుపోయిన పిన్నుల్ని గోటితో ఒక్కొక్కటే పీకి, మన చేతిలోనే పెట్టేవారు. తర్వాత దస్తావేజును తిరగేసి చివరి పుట నుంచి ముందుకు చదివేవారు. మొదటిసారి చూసి ఈయనకు చదవడం రాదేమోనని అనుమానపడ్డాను. తెలుగు టీచరును కదా, నోరూరుకోలేదు.

“సారూ, మొదట్నుంచి చదివితే తొందరగా అయిపోతుంది కదా?”

“మొదట్నుంచి చదివితే కథ మాదిరి ఉంటాదమ్మా, నమ్మేస్తాం. కడనుంచి చదివితే యాడ తెగిందో కనపడ్తాది,” అన్నారు.

ఆయనకు తెగింది కనపడుతూనే ఉండేది. ఇంటి మీద జరిగిన అమ్మకాలూ అప్పులూ చూపించే ఈసీ తీసుకుపోతే ఇంకా పాత ఈసీ కావాలన్నారు. అది తెస్తే మా నాయనకు స్థలం అమ్మిన ఆసామికి ఆ స్థలం ఎట్లా వచ్చిందో దాని దస్తావేజు కావాలన్నారు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, అమ్మ మరణ ధ్రువీకరణ. బడికి సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కడం, వార్డు సచివాలయంలో ఒక పూట, మున్సిపల్ ఆఫీసులో ఒక పూట, మళ్లీ బస్సెక్కి వచ్చి ఆ మెట్లెక్కడం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన్ని తిట్టుకునేదాన్ని. ప్రార్థన చేసుకునే నోరని కూడా చూసుకోలేదు. బ్రహ్మయ్యదీ అదే బాధ. “విగ్రహానికి కండ్లు తెరిపించేది కూడా ఇంత కష్టం కాదక్కా,” అనేవాడు.

అన్నీ అయ్యాయనుకున్న రోజున ఆయన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు.

“అమ్మా, ఇల్లు కొన్నది ఓబులేసు. చచ్చిపోయింది యోహాను. ఈ యోహాను ఎవరు?”

“మా నాయన సారూ.”

“మరి ఓబులేసు?”

“ఆయనా మా నాయనే.”

సారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. “నాయన మామూలుగా ఒకరే ఉంటారమ్మా,” అన్నారు. నవ్వలేదు.

మా ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. మా నాయనమ్మకు పుట్టిన బిడ్డలు దక్కకపోతే అహోబిలం కొండకు మొక్కుకుంది. అట్లా పుట్టి ఆ కొండ దేవుడి పేరుతో ఓబులేసు అయ్యాడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల రాయి విసిరితే ఒక ఓబులేసుకు తగులుతుంది. తాపీపని నేర్చుకుని, ఆ పేరుతోనే స్థలం కొని, తన చేతుల్తోనే ఇల్లు కట్టాడు. ఆ తర్వాత మా అమ్మతో పాటు బాప్తిస్మం తీసుకుని యోహాను అయ్యాడు. ఆ పేరుతోనే చనిపోయాడు. చుట్టాలు ఓబులేసూ అని పిలిచినా, చర్చివాళ్లు యోహానన్నా అని పిలిచినా పలికేవాడు. ఒకే మనిషికి రెండు పేర్లెందుకని ఆయన బతికుండగా ఎవరూ అడగలేదు.

ఇదంతా సారుకు చెప్పాను. తల ఊపుతూ విన్నారు. “నాకు తెల్సమ్మా. మా కొండ పేరే కదా మీ నాయనకు పెట్టింది. నాకు తెలిసి ఏం లాభం, కాగితానికి తెల్దు.”

నోటరీ దగ్గర ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం రాయించుకుపోయాను. దాన్ని పట్టుకుని చూసి పక్కన పెట్టేశారు. “స్టాంపు కాగితం మీద ఎవురైనా ఎవురైనా అవుతారమ్మా. రేపు ఏ ఓబులేసు మనవడో వచ్చి, యోహాను ఇల్లు వేరే, మా తాత ఇల్లు ఇది అంటే, ఆ బ్రహ్మయ్య యాడికి పోవాల? మీ నాయనను రెండు పేర్లతోనూ ఎరిగిన మనిషి కావాల నాకు.”

ఆ మనిషి ఎక్కడ? చుట్టాలకు ఓబులేసే తెలుసు. చర్చిలో ఇప్పుడున్నవాళ్లకు యోహానే తెలుసు. రెండూ తెలిసిన పెద్దవాళ్లంతా ఒకరి వెనక ఒకరు పోయారు. ఉగాది దగ్గరికి వస్తోంది. ఇంటి యజమాని ఫోన్ చేసి, “ఏంటమ్మా, వేరేవాళ్లు అడుగుతున్నారు,” అన్నాడు. మరుసటి రోజు సారు ముందు కూర్చుని నేను అరిచాను. మర్యాద అంతా మరిచిపోయాను.

“మా ఆయన మెట్లు దిగి ఎన్నాళ్లయిందో తెలుసా సారూ? అక్క చచ్చిపోతే చూడలేకపోయాడు. అది కూడా మీ కాగితానికి తెలీదు.”

అని ఏడ్చేశాను. సారు ఓదార్చలేదు, మంచినీళ్లు తెప్పించలేదు. నా కాగితాలకు దారం చుట్టి, ముడి వేసి, ఆ ముడి సరిగ్గా పడలేదని విప్పి మళ్లీ వేశారు. తర్వాత అడిగారు, “ఆళ్లగడ్డ బస్సు నువ్వు యాడ ఎక్కుతావమ్మా?”

మర్నాడు గొడుగూ చేతిసంచీ పట్టుకుని బస్టాండుకు వచ్చారు. బ్యాంకు వకీలు ఇల్లు చూడ్డానికి బస్సులో వస్తాడని నేనెక్కడా వినలేదు. దారంతా గొడుగు పిడి మీద గడ్డం ఆనించి కునుకు తీశారు. ఆళ్లగడ్డలో దిగి మా వీధిలోకి రాగానే మనిషి మారిపోయారు. ఇల్లు ఎవరిదని ఎవరినీ అడగలేదు. దస్తావేజులో రాసిన హద్దులు సరిపోతాయా అని చుట్టూ ఉన్న ఇళ్లకు పోయి, “మీకు పడమర ఎవురమ్మా?” “మీకు తూర్పు ఎవురప్పా?” అని అడిగారు. ఒకామె తూర్పు పడమరలు తేల్చుకోలేక, “సూర్యుడు ఎవురింటి మీంచి వస్తాడో ఆ ఇల్లు సారూ,” అంది. అది కూడా శ్రద్ధగా విన్నారు. బ్రహ్మయ్య ఉలి ఆపి, రాతి పొడి ముఖంతోనే మా వెంట నడిచాడు.

ఇల్లు ఖాళీ చేస్తున్నాం కనుక అటక మీది పాత సామాన్లన్నీ దించి ముందే నడవలో పోసి ఉంచాను. మధ్యాహ్నానికి పాత సామాన్లవాడు వస్తానన్నాడు. సారుకు నీళ్లివ్వాలంటే కడిగిన గ్లాసు ఒక్కటీ లేదు. ఏం చేద్దామా అని నేను చూస్తుంటే ఆయన సంచిలోంచి తన మజ్జిగ సీసా తీసుకుని తాగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తాగుతూ తాగుతూ ఆ సామాన్ల వైపు చూసి, “ఆ బిందె ఇట్లియ్యమ్మా,” అన్నారు.

సొట్టలు పడిన రాగి బిందె. మా అమ్మది. దాని భుజం మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉన్నాయి. సారు ఒళ్లో పెట్టుకుని, దస్తావేజును చదివినట్టే కిందనుంచి పైకి చదివారు. “యోహాను.” వేలు పైకి జరిపారు. “ఓబులేసు.” నా వైపు చూశారు. “ఇదేందమ్మా?”

నాకు అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లికి వచ్చిన బిందె మీద నాయన పేరు ఓబులేసు అనే కొట్టించారు. పెళ్లిళ్లకు సామాన్లు అందరం ఇచ్చిపుచ్చుకుంటాం. చర్చిలో ఎవరిదో పెళ్లికి వాడుకోవడానికి ఇచ్చిన బిందె తిరిగి రాలేదు. అక్కడివాళ్లు దానిమీది పేరు చదివి, ఈ ఓబులేసు ఎవరో అని వెతికి, ఊర్లో ఉన్న ఓబులేసుల్లో ఒకరింటికి చేర్చారు. ఆ ఇంటావిడ కాదనకుండా తీసుకుని నీళ్లు పోసుకుంది. మా అమ్మ పోయి పోట్లాడి తెచ్చుకుని, తిన్నగా బజారుకు పోయి, కిందనే యోహాను అని కూడా కొట్టించింది. ఇక ఎవరు ఏ పేరుతో ఎరిగినా బిందె మాత్రం మా ఇంటికే రావాలి.

చెప్తుంటే నాకే నవ్వొచ్చింది. సారు నవ్వలేదు. “బిందెను ఫైల్లో పెట్టలేనమ్మా. కొట్టినోడు ఉండాడా?” అన్నారు.

ఉన్నాడు. సామాన్లకు కళాయి వేసి పేర్లు కొట్టే మాబు తాత. కొడుకుల అంగడి ముందు కుర్చీలో ఎండకు కూర్చునున్నాడు. చూపు సరిగా లేదు. బిందె చేతికిస్తే వేళ్లతో చుక్కలు తడిమాడు.

“ఇది నా చెయ్యే. మేస్త్రీ ఓబులేసుది. పేరు మారినాక వాళ్ల ఆడమనిషి కోపంగా వచ్చె. పై పేరు చెరిపేయమంటావా అంటే, వద్దు, అదీ ఆయనే, ఇదీ ఆయనే అనె. ఆ పొద్దు నవ్వలేక సచ్చినాము. దుడ్లు కూడా తీస్కోలే నేను.”

“రెండు పేర్లూ ఒకే మనిషివని యాడైనా చెప్తావా తాతా?” అని సారు అడిగారు.

“దర్గా కాడైనా చెప్తా, తాసిల్దారు కాడైనా చెప్తా. నన్ను ఆటోలో తీసకపోండి,” అన్నాడు.

నాకు ఆ బజారులో అందరి ముందూ సారు కాళ్లమీద పడాలనిపించింది. ఆయన గొడుగు విప్పుకుని ఆటో కోసం చూస్తున్నారు. ఆ రోజే మాబు తాతను తాసిల్దారు ఆఫీసుకు తీసుకుపోయాం. సారు పక్కనే కూర్చుని వాంగ్మూలం తన చేత్తోనే రాశారు. తాత వేలిముద్ర వేశాక చదివి వినిపించారు, ఈసారి మొదటినుంచే. కొన్నాళ్లకు కుటుంబ ధ్రువపత్రం వచ్చింది. అందులో “ఓబులేసు ఉరఫ్ యోహాను” అని ఉంది. మా నాయన రెండు పేర్లూ ఒకే వరసలో నేను చూడ్డం అదే మొదలు. ఇల్లు అమ్ముతున్నందుకు అప్పటిదాకా లోపల ఎక్కడో గుచ్చుకుంటూ ఉండేది. ఆ వరస చదివాక ఆ ముల్లు పోయింది. ఇల్లు పోతే పోయింది, మనిషి చెల్లాచెదురు కాకుండా ఒకచోట చేరాడనిపించింది.

ఉగాదికి ముందే రిజిస్ట్రేషన్ అయింది. వేలిముద్రలు వేసి బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడితే, నెలల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి పోయినట్టయింది. బ్రహ్మయ్య అందరికీ చెరుకురసం తెప్పించాడు. ఆ ఆనందంలో ఉండగా వెనకనుంచి, “ఇంకోటుందమ్మా.”

చెరుకురసం గొంతులో అడ్డం పడింది. బ్రహ్మయ్య ముఖం పాలిపోయింది.

“నువ్వు కొనే ఇల్లు నేను చూడలే,” అన్నారు సారు.

ఆ ఇంటి కాగితాలతో ఆయనకు పనే లేదు. మేం లోను తీసుకోలేదు. అయినా మర్నాడు పొద్దున వచ్చారు. గదులు చూడలేదు, గోడలు తట్టలేదు. గేటు దగ్గరే నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయారు. అక్కడ వీధికీ వాకిలికీ మధ్య ఒక మెట్టుంది. అన్నిసార్లు వచ్చిపోయాను, నాకది కనపడలేదు.

“కాగితాల్లో మెట్లుండవు. దీన్ని పగలగొట్టి వాలుగా బండ వేయించు. ఆ బ్రహ్మయ్యకే చెప్పు. నునుపు చేయొద్దను, ఉలితో గరుకు పెట్టమను. కర్ర జారకూడదు,” అని గొడుగు వేసుకుని వెళ్లిపోయారు.

బ్రహ్మయ్య బండ తెచ్చి తనే పరిచాడు. డబ్బులు మాట్లాడబోతే చెవులు మూసుకున్నాడు. ఆ ఇంట్లో చేరిన వారానికి మా ఆయన కర్ర పట్టుకుని, ఆ బండ మీద అంగుళం అంగుళం జరుగుతూ వీధిలోకి దిగాడు. చెమటలు కారుతూ రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఒక స్కూటరువాడు హారన్ కొట్టి తిట్టిపోయాడు. మా ఆయనకు ఆ తిట్టు కూడా ఇష్టంగానే ఉంది.

తర్వాత సారును నేను పెద్దగా కలవలేదు. క్రిస్మస్‌కు కేకు పట్టుకుపోతే గుడ్డు ఉంటుందని వద్దన్నారు. అరటిపండ్లు ఇస్తే తీసుకున్నారు. బిందె ఉందా అని అడిగారు. ఉందన్నాను.

బ్రహ్మయ్య ఫోన్ సంగతి చెప్పగానే మా ఆయన మంచం మీంచి కాళ్లు కిందికి దించాడు. “నేనూ వస్తా,” అన్నాడు. చొక్కా నేను తొడిగాను, గుండీలు తనే పెట్టుకున్నాడు. గేటు దాకా నడిచి, బండ దిగి, ఆటో ఎక్కాడు.

సారు ఇంటి ముందు జనం ఉన్నారు. ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. మెట్ల దగ్గరికి వచ్చి మా ఆయన ఆగిపోయాడు. నేను ఈ మెట్ల సంగతే మరిచిపోయాను. ఇద్దరు ముందుకొచ్చి, “ఎత్తుకుంటాం రా అన్నా,” అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అయితే ఈసారి ముఖం తిప్పుకోలేదు. వీధిలో కట్టిపెట్టిన పాడె పక్కన కర్ర ఊతంగా నిలబడిపోయాడు. పైన వరండాలో మంత్రాలు చాలాసేపు చదివారు. ఎండ ముఖం మీదే పడుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

చివరికి సారును ఎత్తుకుని మెట్లు దించారు. ఒక్కొక్క మెట్టే జాగ్రత్తగా దించి, మా ఆయన కాళ్ల ముందరే పాడె మీద పడుకోబెట్టారు. నుదుట అదే సన్నటి నామం. మా ఆయన కర్ర నా చేతికిచ్చి, నా భుజం మీద ఆనుకుని, ఆడే చెయ్యి ఒక్కటీ పైకెత్తి దణ్ణం పెట్టాడు. ముద్దమాటలోనే అన్నాడు గానీ చుట్టూ ఉన్నవాళ్లందరికీ అర్థమైంది.

“ఇంకేం లేదు సారూ. అన్నీ సరిపోయినాయి. పోయిరా.”

వాళ్లు పాడె ఎత్తుకున్నారు.